పని తగ్గిన రోజుల్లో పీలింగ్ సెక్షన్‌ను ఎలా నడపాలి?

అమ్మా, నెల్లూరుకు, కావలికి మధ్య హైవే పక్కన ఉన్న ఒక రొయ్యల ప్లాంటులో మీరు పొట్టు ఒలిచే పీలింగ్ సెక్షన్‌కు సూపర్‌వైజర్‌గా ఉన్నారని, మీ కింద 64 మంది మహిళలు పనిచేస్తున్నారని, 2025 ఆగస్టు నుండి ఆర్డర్లు తగ్గుతూ వచ్చి ఇప్పుడు రోజుకు 40 మందికి మించి పని దొరకడం లేదని రాశారు. పైవాళ్లు ఏమీ చెప్పడం లేదు కాబట్టి, సాయంత్రం ప్లాంటు బస్సెక్కే ముందు ఒక్కొక్కరూ “రేపు బస్సొస్తదా మేడం?” అని అడిగితే “అంతా సర్దుకుంటుంది” అని పంపుతున్నానని, ఆ మాట మీకే నమ్మకంగా అనిపించడం లేదని చెప్పారు. భీమవరం వైపు నుండి మీకు వేరే ఉద్యోగానికి పిలుపు వచ్చిందని, ఇలాంటి సమయంలో వెళ్లడం తప్పా అని చివర అడిగారు. నేను 1991 నుండి 2023 వరకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని మూడు ప్లాంట్లలో సూపర్‌వైజర్‌గా మొదలై ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశాను. నాకు తెలిసినంతలో సమాధానం రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. వచ్చే నెల ఎన్ని కంటైనర్లు వెళతాయో మీకు తెలియదు, మీ మేనేజరుకు తెలియదు, నిజానికి మీ యజమానికి కూడా తెలియదు. తెలియని దాని గురించి మీరు ఎంత జాగ్రత్తగా మాట్లాడినా అది మాటగానే మిగులుతుంది. కానీ రేపు 40 మందికే పని ఉంటే ఆ 40 మంది ఎవరు, ఏ లెక్క ప్రకారం, మిగిలిన 24 మంది వంతు ఎప్పుడు అన్నది మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉన్న విషయం. ఆ లెక్కను ముందుగా, అందరి ఎదుటా, కాగితం మీద పెట్టి చెప్పడమే ఈ కాలంలో మీరు చేయవలసిన అసలు పని.

మీ సెక్షన్‌కు కష్టం ఎందుకు వచ్చిందో మీకు స్పష్టంగా తెలియాలి, ఎందుకంటే సగం తెలిసిన కారణం నుండే వదంతులు పుడతాయి. అమెరికా మన సరుకు మీద 2025 ఏప్రిల్‌లో 10 శాతం అదనపు సుంకం వేసింది, ఆగస్టు 7న దాన్ని 25 శాతం చేసింది, ఆగస్టు 27 నుండి 50 శాతానికి పెంచింది. రొయ్యల మీద అంతకు ముందు నుండే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసేది) సుంకాలను కలిపితే 2025 ఆగస్టు చివరికి మొత్తం 58 శాతం దాటింది. మనతో పోటీపడే ఈక్వెడార్ మీద అప్పుడు పడిన అదనపు సుంకం 15 శాతం మాత్రమే. ఇంతవరకు పత్రికల్లో అందరూ చదివినదే. పీలింగ్ సెక్షన్‌లో ఉన్నవారు గమనించవలసింది మరొకటి ఉంది. అమెరికా మన దగ్గర కొనేది ఎక్కువగా తల తీసి, పొట్టు ఒలిచి, నరం తీసిన రొయ్య. చైనా ఎక్కువగా కొనేది తలతోనో, తల తీసి పొట్టుతోనో ఉన్న రొయ్య. కాబట్టి మీ యాజమాన్యం అమెరికాకు వెళ్లే సరుకును చైనాకు మళ్లించిందనుకోండి, ప్లాంటులోకి వచ్చే టన్నులు పెద్దగా తగ్గవు, ఫ్రీజర్లు నడుస్తూనే ఉంటాయి, లారీలు వస్తూనే ఉంటాయి, కానీ ఒలిచే చేతులకు మాత్రం పని ఉండదు. “లారీలు వస్తూనే ఉన్నాయి కదా, మరి మాకెందుకు పని లేదు, ఎవరికో ఇస్తున్నారు” అని మీ షెడ్డులో అనుకుంటున్నారంటే దానికి మూలం ఇదే. ఈ ఒక్క విషయాన్ని మీరు వారికి అర్థమయ్యే మాటల్లో, ఒక తల ఉన్న రొయ్యను, ఒక ఒలిచిన రొయ్యను టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చెప్పండి. ఐదు నిమిషాలు చాలు, సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

“అంతా సర్దుకుంటుంది” అన్న మాటను ఈ రోజు నుండే మానేయమని ఎందుకు అంటున్నానో చెప్పాలి. 1994, 95 సంవత్సరాల్లో మన తీరంలో టైగర్ రొయ్యకు వైట్ స్పాట్ తెగులు వచ్చింది. నిన్న సాయంత్రం ఈదుతున్న రొయ్య నేడు తెల్లారేసరికి గట్టున తేలేది. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు గుంటలు వరుసగా ఖాళీ అయ్యాయి. అప్పుడు నేను పనిచేసిన ప్లాంటులో మా పై అధికారి ప్రతి సోమవారం అందరినీ నిలబెట్టి, ఒక్కరి ఉద్యోగానికి కూడా నష్టం రాదని మాట ఇచ్చేవారు. ఆయన అబద్ధం చెప్పాలని చెప్పలేదు, మనుషులకు ధైర్యం ఇవ్వాలనే తపనతో చెప్పారు. ఆ మాట నమ్మి ఒకామె కూతురి పెళ్లి ముహూర్తం పెట్టుకుంది. ఇంకొకామె ఇంటి పైకప్పు పనికి వడ్డీకి డబ్బు తెచ్చింది. రెండు నెలలు గడవకముందే షెడ్డుకు తాళం పడింది. ఆ తరువాత 1996 డిసెంబరు 11న తీరప్రాంత రొయ్యల చెరువుల మీద ఆంక్షలు పెడుతూ సుప్రీంకోర్టు తీర్పు రావడంతో మరికొంత కాలం ఎవరికీ దారి తెలియలేదు. ప్లాంటు మళ్లీ తెరిచినప్పుడు ఆ ఇద్దరూ రాలేదు. పని పోయినందుకు వారు మమ్మల్ని తప్పుపట్టలేదని, ముందుగా తెలిసి ఉంటే పెళ్లి ఆరు నెలలు ఆపుకునేదాన్ని కదా అని మాత్రం ఆ కూతురి తల్లి అన్నదని తరువాత నాకు తెలిసింది. పని లేకపోవడం మీ తప్పు కాదు. కానీ మీ మాట నమ్మి ఎవరైనా అప్పు చేస్తే, ఆ అప్పులో మీకు భాగం ఉంటుంది. మీ దగ్గర పనిచేసేవారిలో చాలామందికి పొదుపు సంఘం వాయిదా ఉంటుంది, కొందరికి వారం వారం కట్టే ఫైనాన్సు వాయిదా ఉంటుంది, ఇప్పుడు సంక్రాంతి ఖర్చు కూడా ముందుంది. వారు మిమ్మల్ని అడుగుతున్నది ధైర్యవచనం కాదు, ఈ నెల ఎంత చేతికి వస్తుందన్న లెక్క.

ఇక ఆ లెక్క గురించి. ఇక్కడ నేను చేసిన పొరపాటును దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఈ సమాధానంలో నేను గట్టిగా నమ్మి చెబుతున్న ప్రతి మాటా దాని నుండి నేర్చుకున్నదే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై, ఏప్రిల్‌లో ఆక్వా పనులకు మినహాయింపు వచ్చినప్పుడు, దూరం పాటించాలి కాబట్టి మా షెడ్డులో సగం మందినే కూర్చోబెట్టగలిగే పరిస్థితి. మాకు 110 మంది ఉండేవారు. నేను ఎవరు ఎన్ని కిలోలు ఒలిచారో రాసే కిలోల పుస్తకం తీసి, ఎక్కువ ఒలిచే 55 మందిని పిలిచాను. పాడైపోయే సరుకు, తక్కువ చేతులు, కాబట్టి వేగం ఉన్నవారే రావాలన్నది నా వాదన. కాగితం మీద ఆ వాదనలో తప్పు కనిపించదు. మిగిలిన 55 మందికి ఎందుకు పిలవలేదో ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఒకే వీధిలో ఒక ఇంటి ముందు బస్సు ఆగేది, పక్కింటి ముందు ఆగేది కాదు. పిలిచినవారు పిలవనివారి ముఖం చూడలేక తెల్లవారుజామున తలవంచుకుని బస్సెక్కేవారు. జులైలో అందరినీ రమ్మన్నప్పుడు, ఆగిపోయిన 55 మందిలో వచ్చినవారు సుమారు 20 మంది. నేను ఎంచుకున్న వేగవంతులైనవారు కూడా నిలవలేదు. ఆ ఏడాది చివర్లో పక్క ప్లాంటువారు కిలోకు అర్ధ రూపాయి ఎక్కువ ఇస్తామనగానే వారిలో ఎక్కువమంది వెళ్లిపోయారు. మీరు కిలోలు చూసి మమ్మల్ని పిలిచారు, మేము కిలో రేటు చూసి వెళ్తున్నామని ఒకామె మర్యాదగానే చెప్పి వెళ్లింది. నాకు ఆ రోజు జవాబు లేదు.

ఈ లెక్కను వేరే విధంగా వేసి చూడండి. మీకు నెలకు 26 పని దినాలు, రోజుకు 40 మందికి పని అంటే మొత్తం 1040 పని రోజులు. వీటిని 64 మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి నెలకు 16 రోజులు వస్తాయి. అలా కాక, ఎంచుకున్న 40 మందికి 26 రోజులూ ఇస్తే 24 మందికి ఒక్క రోజు కూడా ఉండదు. సమానంగా పంచడమే న్యాయమని ఎవరైనా చెప్పగలరు. చాలామంది సూపర్‌వైజర్లు గమనించని సంగతి ఈఎస్ఐకి, అంటే కార్మికుల ప్రభుత్వ బీమాకు సంబంధించినది. ఈఎస్ఐలో చందా కాలం ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుండి మార్చి వరకు ఒకటి. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటేనే దానికి సంబంధించిన ప్రయోజన కాలంలో జబ్బు చేసినప్పుడు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు అనారోగ్య భత్యం వస్తుంది. 78 రోజులంటే నెలకు సగటున 13 రోజులు. అంటే 16 రోజుల చొప్పున పంచితే 64 మందికీ ఆ రక్షణ నిలుస్తుంది. పంచకపోతే 24 మంది చేతిలో కార్డు ఉంటుంది కానీ, వచ్చే జులై నుండి డిసెంబరు వరకు జబ్బు పడితే ఆ భత్యం రాదు. మంచు నీళ్లలో, క్లోరిన్ నీళ్లలో రోజంతా చేతులు పెట్టి పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు. అక్టోబరు నుండి ఇప్పటివరకు ఒక్కొక్కరికి ఎన్ని రోజులు పడ్డాయో హాజరు పుస్తకం చూసి ఈ రాత్రే రాసుకోండి. తక్కువ పడినవారిని జనవరి, ఫిబ్రవరి నెలల్లో ముందుకు తేవాలి. గర్భిణులు ఎవరైనా ఉంటే వారి లెక్క వేరేగా చూడండి, ఎందుకంటే ప్రసూతి ప్రయోజనానికి అంతకు ముందరి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులు ఉండాలి.

వంతుల పట్టికను షెడ్డు బయట, చెప్పులు విడిచే చోట గోడకు అంటించండి. పేరు, ఈ నెల వచ్చిన రోజులు, వచ్చే వారం వంతు రోజులు, ఈ మూడు గళ్లు చాలు. మీ సొంత డైరీలో ఉంచుకుంటే అది మీ దయగా కనిపిస్తుంది, గోడ మీద ఉంటే అది అందరి లెక్క అవుతుంది. మన జిల్లా ఆడవారికి ఈ పద్ధతిని ఎవరూ కొత్తగా నేర్పనవసరం లేదు. దూబగుంట అనే ఊరి నుండి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసిన తరువాత, ఇదే జిల్లాలో రోజుకు ఒక్క రూపాయి చొప్పున పొదుపు చేసే సంఘాలు ఊరూరా పెరిగాయి. అక్కడ పుస్తకం అందరి మధ్యలో తెరిచి ఉంటుంది, ఎవరు ఎంత కట్టారో, ఎవరి అప్పు ఎవరి తరువాతో అందరికీ తెలుసు. తల్లుల దగ్గర నుండి ఆ అలవాటు చూసి పెరిగినవారు మీ షెడ్డులో ఉన్నారు. కాబట్టి పట్టిక మీరు ఒక్కరే తయారుచేయకండి. ఊరికి ఒకరి చొప్పున నలుగురైదుగురిని వారే ఎంచుకోమని చెప్పి, వారితో కూర్చుని వేయండి. ఒకే ఊరి నుండి వచ్చేవారి వంతులు ఒకే రోజుల్లో పడేలా చేస్తే బస్సు ఖర్చు కూడా తగ్గుతుంది, ఆ ఆలోచన మీకంటే ముందు వారికే వస్తుంది.

సమానంగా పంచడమంటే కళ్లు మూసుకుని పంచడం కాదని కూడా చెప్పాలి. భర్త లేక ఒక్కతే ఇల్లు నడిపేవారు ఉంటారు, ఇంట్లో ఇద్దరు సంపాదించేవారు ఉంటారు. నాలుగు రోజులు తేడా పెట్టాలా వద్దా అన్నది మీరు నిర్ణయిస్తే పక్షపాతం అంటారు, ఆ నలుగురైదుగురు కూర్చుని నిర్ణయిస్తే అందరూ ఒప్పుకుంటారు. డిసెంబరులో పెన్నా డెల్టాలో నాట్లు సాగుతాయి, మార్చి నుండి కోతలు ఉంటాయి. నాట్లకు వెళ్లాలనుకునేవారిని ఆపకండి. ఫలానా తేదీ వరకు వెళ్లి వస్తాను అని చెప్పి వెళ్లినవారి పేరు పట్టికలోనే ఉంచి, ఆ రోజులు మిగిలినవారికి ఇచ్చి, వారు తిరిగి వచ్చాక వంతు కొనసాగిస్తామని రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా మానేసినవారిగా వారిని చూడడం మన ప్లాంట్లలో ఉన్న చెడ్డ అలవాటు. పని లేనప్పుడు వేరే పనికి వెళ్లి, పని ఉన్నప్పుడు తిరిగి వచ్చేవారి వల్లనే ఈ పరిశ్రమ మూడు దశాబ్దాలు నిలిచింది.

హాస్టల్‌లో ఉంటున్న ఒడిశా అమ్మాయిలు మీ 64 మందిలో ఉన్నారో, కాంట్రాక్టరు కింద వేరేగా ఉన్నారో మీరు రాయలేదు. వేరేగా ఉన్నా సరే, పని లేని రోజున వారికి వెళ్లడానికి ఇల్లు కూడా లేదు కాబట్టి, వారి భోజనం, తిరుగు ప్రయాణం ఎవరి బాధ్యతో కాంట్రాక్టరుతో ఇప్పుడే తేల్చుకోమని మీ హెచ్ఆర్‌కు చెప్పండి. స్థానికులకు, వారికి మధ్య పోటీ పెట్టే మాట ఒక్కటి కూడా మీ నోటి నుండి రానివ్వకండి.

ఇక వారితో మాట్లాడే పద్ధతి గురించి. వారానికి ఒక రోజు, ఒక సమయం నిర్ణయించండి. శనివారం షిఫ్టు ముగిసి బస్సు కదిలే ముందు పావుగంట సరిపోతుంది. ఆ రోజు మీకు తెలిసినది, తెలియనిది, వచ్చే శనివారానికి ఏది తెలుసుకుని వస్తారో, ఈ మూడూ చెప్పండి. ఉదాహరణకు ఇలా చెప్పవచ్చు: “వచ్చే వారం 38 మందికి పని ఉంది, పట్టిక గోడ మీద ఉంది. జనవరి రెండో వారం తరువాత ఏమిటన్నది నాకు తెలియదు, మేనేజరు గారికి కూడా ఇంకా తెలియదు. యూరప్ ఆర్డరు ఒకటి మాట్లాడుతున్నారు, అది కుదిరిందో లేదో వచ్చే శనివారం చెబుతాను.” వచ్చే శనివారం కొత్త విషయం ఏమీ లేకపోయినా నిలబడి, ఏమీ తేలలేదని చెప్పాలి. చెప్పడానికి ఏమీ లేదని సమావేశం మానేసిన వారమే షెడ్డు మూసేస్తున్నారన్న పుకారు పుడుతుంది, ఇది నేను ఒకటికి రెండుసార్లు చూశాను. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, కోవూరు వైపు హైవే తెగినప్పుడు మాకు మూడు రోజులు సరుకు రాలేదు, ఫోన్లు కూడా సరిగా పనిచేయలేదు. అప్పుడు ఊరికి ఒక మనిషిని పంపి, ఈ రోజు బస్సు రాదు, రేపు సాయంత్రం మళ్లీ కబురు చేస్తాం అని చెప్పించాం. కబురులో మంచి వార్త ఏమీ లేదు. అయినా నీళ్లు తగ్గిన రోజు పిలిచినవారిలో దాదాపు అందరూ వచ్చారు. వాట్సాప్ గ్రూపులో వంతులు పంపవచ్చు, కానీ పని తగ్గిందన్న మాటను మాత్రం ఎదురుగా నిలబడి చెప్పండి.

మీ మేనేజరు ఏమీ చెప్పడం లేదన్న బాధ మీ ప్రశ్న అంతటా కనిపించింది. ఆయన దాస్తున్నారని ముందే అనుకోకండి. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను, కొనుగోలుదారు ధర తగ్గించమంటాడు, రైతు ధర పెంచమంటాడు, బ్యాంకు వాయిదా ఆగదు, ఈ మధ్యలో నలిగే మనిషికి “రేపు ఏమవుతుంది” అన్న ప్రశ్నకు జవాబు ఉండదు, జవాబు లేనందుకు సిగ్గుపడి తలుపు వేసుకుంటాడు. కాబట్టి రేపు ఏమవుతుందని అడగకండి. వచ్చే వారం రోజులకు ఒలవవలసిన సరుకు ఎన్ని టన్నులు, ఏ కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), ఏ రకం, ఎన్ని షిఫ్టులు అని అడగండి. దానికి ఆయన దగ్గర జవాబు ఉంటుంది. ఆ జవాబుతోనే మీ పట్టిక తయారవుతుంది.

వంతుల పద్ధతికి ఆయన ఒప్పుకోరేమోనని మీకు సందేహం ఉండవచ్చు. వేగంగా ఒలిచే 40 మందిని ఉంచి మిగిలినవారిని మానిపించడం చౌక అని ఆయనకు అనిపిస్తుంది. దయ చూపమని అడిగితే వినరు, లెక్క చూపండి. చేయి తిరిగిన మనిషి పొట్టుతో పాటు కండ పోనివ్వదు, తోక విరగనివ్వదు. కొత్త చేతులతో పని మొదలుపెడితే కొన్ని వారాల పాటు కండ నష్టం తప్పదు. రోజుకు 3 టన్నులు ఒలిచే షెడ్డులో ఒక్క శాతం కండ పోతే అది 30 కిలోలు, నెలకు 26 రోజులకు 780 కిలోలు. ఆ కిలోలను మీ ప్లాంటు అమ్మే ధరతో గుణించి, ఆ అంకెను కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. 2025 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ మన దేశంలోని మరో 102 మత్స్య సంస్థలకు ఎగుమతి అనుమతి ఇచ్చింది. అమెరికా సుంకం తగ్గినా, యూరప్ ఆర్డర్లు పెరిగినా, అన్ని ప్లాంట్లూ ఒకే వారంలో ఒలిచే చేతుల కోసం ఊళ్ల మీద పడతాయి. ఆ వారం మీ 64 మంది మీ దగ్గరే ఉండడం ఎంత విలువైనదో ఆయనకు మీకంటే బాగా తెలుసు, గుర్తుచేస్తే చాలు.

ఖాళీగా ఉన్న గంటలను నేర్పడానికి వాడండి. ఒలవడం మాత్రమే తెలిసినవారికి గ్రేడింగ్, ప్యాకింగ్, గ్లేజింగ్ (రొయ్యకు మంచు పొర పట్టించడం) దగ్గర పని నేర్పితే, చైనా సరుకు నడుస్తున్న రోజున కూడా వారిలో కొందరిని అక్కడికి పంపవచ్చు. ఇంకొక హెచ్చరిక. పని తగ్గినప్పుడు కిలో రేటు మీద ఉన్నవారు దొరికిన రోజునే వీలైనంత ఎక్కువ ఒలవాలని తొందరపడతారు, నరం మిగిలిపోతుంది, చేతి గాయాన్ని దాచి గ్లవ్ వేసుకుంటారు. ఇప్పుడు ఒక్క కంటైనర్ వెనక్కి వస్తే మీ షెడ్డు తట్టుకోలేదు. గాయం చెప్పుకున్నవారికి ఆ రోజు వంతు పోదని, మరో రోజు ఇస్తామని పట్టిక కిందనే రాయండి.

ఎంత చేసినా మనుషులను తగ్గించక తప్పని రోజు రావచ్చు. ఆ సంగతి మీకు ముందుగా తెలిసి ఉండాలి. 2025 నవంబరు 21 నుండి పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది, అయినా ఈ విషయంలో మూల సూత్రాలు పెద్దగా మారలేదు. సీజనల్ కాని, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న ఫ్యాక్టరీలో, హాజరు పట్టీలో పేరు ఉండి ఏడాది నిరంతర సేవ పూర్తయిన కార్మికురాలికి యాజమాన్యం పని ఇవ్వలేక లే-ఆఫ్ చేస్తే, ఆ రోజులకు మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో సగం పరిహారం రావాలి. పూర్తిగా తొలగించాలంటే ఒక నెల నోటీసు లేదా దానికి బదులు వేతనం, పూర్తి చేసిన ఒక్కొక్క ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. సాధారణంగా చివర చేరినవారిని ముందుగా తీయాలి, ఏడాదిలోపు మళ్లీ మనుషులు కావలసి వస్తే తీసేసినవారికే మొదటి అవకాశం ఇవ్వాలి. వంతుల వల్ల పోయిన రోజులను లే-ఆఫ్‌గా చూపాలా, మరొక విధంగా ఒప్పందం చేసుకోవాలా అన్నది మీ హెచ్ఆర్ కార్మిక శాఖ అధికారితో మాట్లాడి తేల్చవలసిన విషయం. మీరు చేయవలసింది ఒక్కటే, ఎవరి సేవ ఎన్నాళ్లో, ఎవరి హాజరు ఎంతో తప్పు లేకుండా రాసి ఉంచడం. కిలో రేటు అని చెప్పి పేరు పుస్తకంలోకి ఎక్కించని ప్లాంట్లు ఉన్నాయి. మీ దగ్గర అలా ఎవరైనా మిగిలి ఉంటే ఇప్పుడే ఎక్కించమని అడగండి. కష్టం వచ్చిన రోజున పేరు లేని మనిషికి ఏ చట్టమూ అందదు. తొలగింపు మాటను ఒక్కొక్కరికి విడిగా, కూర్చోబెట్టి, వచ్చే డబ్బు ఎంతో కాగితం చేతికిచ్చి మీరే చెప్పండి. ఆ పనిని గేటు దగ్గర సెక్యూరిటీకి అప్పగించకండి.

చివరగా భీమవరం పిలుపు గురించి. వెళ్లడం తప్పు కాదు, మీకూ ఇల్లు ఉంది, మీ జీతం కూడా ఆ కంటైనర్ల మీదే ఆధారపడి ఉంది. ఇంతమంది బాగోగులు చూస్తున్న మనిషి తన గురించి ఆలోచించుకుంటే దాన్ని నేరంగా భావించనవసరం లేదు. కానీ పట్టిక లేకుండా ఇప్పుడే వెళితే మీ తరువాత వచ్చినవారు కిలోల పుస్తకం తీస్తారు, నేను 2020లో తీసినట్టే. అందుకని ఒక నెల గడువు అడగండి, అవతలివారు నిజంగా మిమ్మల్ని కోరుకుంటే ఆగుతారు. ఆ నెలలో వంతులు నిలదొక్కుకుని, ఊరికొకరుగా ఎంచుకున్నవారు మీరు లేని రోజున కూడా పట్టిక వేయగలిగితే, అప్పుడు వెళ్లండి. వెళుతున్న సంగతిని కూడా ఒక శనివారం, బస్సు కదిలే ముందు, తేదీతో సహా మీరే చెప్పండి. ఉండాలని నిర్ణయించుకుంటే అదీ చెప్పండి, ఎందుకంటే మీ పిలుపు సంగతి ఇప్పటికే షెడ్డులో తెలిసి ఉంటుంది. “రేపు బస్సొస్తదా” అని అడుగుతున్నవారిలో కొందరు, “రేపు మీరొస్తారా” అని కూడా అడుగుతున్నారు.